ధర వచ్చేదాకా గింజ ఆగేదెలా?
నిల్వలో పెంకు పురుగుల బెడద – గోదాములు కడితే చాలదు

(మా ప్రతినిధి)

మచిలీపట్నం: పంట ఇంటికి చేరిన పది రోజుల్లోపే మినుములు అమ్ముకోవడం డెల్టాలో చాలామంది రైతులకు అలవాటైపోయింది. అప్పుల వాళ్ళ ఒత్తిడి ఇందుకు ఒక కారణం. ఇంట్లో చోటు లేకపోవడం రెండో కారణం. ఈ రెండింటి గురించి సభల్లోనూ, పత్రికల్లోనూ తరచు వింటూనే ఉన్నాం. మూడో కారణం గురించి మాట్లాడేవారు తక్కువ. అది పురుగు.

కోతల సమయంలో సరుకంతా ఒక్కసారిగా మార్కెట్టు మీద పడుతుంది కాబట్టి ధర దిగుతుందని, నాలుగు నెలలు ఆగితే నాలుగు రూపాయలు ఎక్కువ వస్తాయని రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ ఆ నాలుగు నెలల్లో బస్తాలో గింజ మిగులుతుందా, డొల్ల మిగులుతుందా అన్నది అతని భయం. పుచ్చిన మినుములను వ్యాపారి సగం ధరకు కూడా అడగడు. అందుకే వచ్చిన ధరకే వదిలించుకుంటున్నాడు. ఒకరకంగా చూస్తే మూడు మిల్లీమీటర్ల పెంకు పురుగే ఇక్కడ దళారీ పాత్ర వహిస్తున్నది.

కేంద్ర మంత్రివర్గం 2023 మే 31న సహకార రంగంలో భారీ ధాన్య నిల్వ పథకాన్ని ఆమోదించింది. ఐదేళ్లలో 700 లక్షల టన్నుల సామర్థ్యాన్ని అదనంగా కల్పించాలని, ప్రతి బ్లాకులో 2,000 టన్నుల గోదాము ఉండాలని అప్పుడు లక్ష్యం ప్రకటించారు. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాల ద్వారా ఈ గోదాములు కట్టాలన్నది ఆలోచన. 2024 ఫిబ్రవరిలో 11 రాష్ట్రాలలోని 11 సంఘాలలో ప్రయోగాత్మకంగా వీటిని ప్రారంభించారు. మంచిదే. అయితే గోడలు, కప్పు ధాన్యాన్ని వానకు తడవకుండా కాపాడతాయి. పురుగు నుంచి కాపాడేది గోడ కాదు, కాపలా. ఆ కాపలా సంగతి ఏమిటన్నది ఈ పథకం గురించి జరుగుతున్న చర్చలో పెద్దగా వినపడడం లేదు.

నష్టం ఎంత?

లూధియానాలోని కేంద్ర పరిశోధన సంస్థ (సిఫెట్) పంటకోత అనంతర నష్టాలపై దేశవ్యాప్తంగా జరిపిన అధ్యయనం 2015లో వెలువడింది. దాని ప్రకారం కోత మొదలు నిల్వ వరకు అన్ని దశలలో కలిపి తృణధాన్యాలలో 4.65 నుంచి 5.99 శాతం, పప్పు ధాన్యాలలో 6.36 నుంచి 8.41 శాతం నష్టపోతున్నాం. ఇందులో పురుగు వాటా కొంత మాత్రమే. కాని ఇది దేశం మొత్తానికి కట్టిన సగటు. సగటులో కనపడనిది ఒకటుంది. అమ్మేసిన వాడి ఇంట్లో పురుగు నష్టం లేదు. దాచినవాడి ఇంట్లో మాత్రం అది ఒక బస్తాకు ఒక బస్తాగా ఉంటుంది. పురుగు భయంతో ముందే తెగనమ్ముకున్న ధర నష్టం ఏ లెక్కలోనూ చేరదు.

విత్తనం విషయంలో నష్టం మరో రకం. డెల్టాలో మినుమును నవంబరు, డిసెంబరు నెలల్లో వరి కోతకు కొద్ది రోజుల ముందు చేలోనే చల్లుతారు. ఫిబ్రవరి, మార్చిలలో పంట చేతికి వస్తుంది. అంటే విత్తనానికి ఉంచుకున్న గింజ ఎండాకాలమూ, వానాకాలమూ దాటి ఎనిమిది నెలలకు పైగా ఇంట్లో ఉండాలి. ఆ ఎనిమిది నెలల్లో సగం కాలం గాలిలో తేమ నిండుగా ఉంటుంది. పుచ్చు గింజ మొలవదు. మొలిచినా బలం ఉండదు. చల్లే నాటికి విత్తనం పనికిరాదని తెలిస్తే అప్పటికప్పుడు దొరికిన విత్తనం, అడిగిన ధరకు కొనాలి.

గాదె పోయింది, పురుగు మిగిలింది

మన పెద్దలకు ఈ బెడద తెలియనిది కాదు. కోస్తాలో గాదెలు, గరిసెలు, గడ్డితాడు చుట్టి కట్టే పురులు ఉండేవి. తెలంగాణలో వెదురు గుమ్ములు, మెట్ట ప్రాంతాలలో జొన్న పాతరలు ఉండేవి. పేడ, మట్టి కలిపి అలికిన గుమ్మిలో పగుళ్ళు తక్కువ. పాతర నోరు మూసి మట్టి కప్పితే లోపల గాలి అయిపోయి పురుగు బతకలేదు. కంది విత్తనానికి ఎర్రమట్టి పట్టించేవారు. పెసలు, మినుములలో బూడిద కలిపేవారు. ఇవి మూఢాచారాలు కావు. గింజ పై పొరకు పురుగు గుడ్డు అంటకుండా, గింజల మధ్య పురుగు మసలకుండా చేసే ఉపాయాలు.

అన్నిటికంటే ముఖ్యం, వరి కోసిన తరువాత కుప్ప వేసి కొన్ని వారాలు ఆగి నూర్చేవారు. గింజ కుప్పలోనే ఆరేది. ఇప్పుడు కోత యంత్రం ఒకే పూటలో కోసి, నూర్చి, తడి ధాన్యాన్ని ట్రాక్టరులో పోస్తున్నది. ఆరబెట్టుకోవడానికి కళ్ళం లేదు. రోడ్డే కళ్ళం. పై నుంచి మబ్బు కనపడితే పట్టా కప్పాలి. ధాన్యం కొనుగోలుకు తేమ 17 శాతం మించరాదన్నది కేంద్ర ప్రమాణం. అమ్మడానికి 17 సరిపోవచ్చు. నెలల తరబడి నిల్వ ఉంచడానికి అది చాలా ఎక్కువ. వడ్లు 12, 13 శాతానికి, పప్పు గింజలు 9, 10 శాతానికి ఆరితేనే నిల్వకు భద్రం.

మరో మార్పు కూడా గమనించదగినది. పూర్వం వడ్లు నిల్వ చేసి, అవసరాన్ని బట్టి దంచుకునేవారు, ఆడించుకునేవారు. వడ్ల మీది ఊక పురుగుకు అడ్డుగోడ. అది చెక్కుచెదరకుండా ఉన్నంతవరకు ముక్కు పురుగు లోపలికి పోవడం కష్టం. ఇప్పుడు సంవత్సరం తిండి గింజలు ఒక్కసారే మిల్లులో ఆడించి బియ్యంగా దాచేవారు ఎక్కువయ్యారు. అంటే అడ్డుగోడను మనమే తీసి ఇస్తున్నాం.

ఏ పురుగో గుర్తించడం ఎలా?

పురుగు అనగానే అన్నీ ఒకటే అనుకోవడం పొరపాటు. ఏది పట్టిందో తెలిస్తేనే ఏం చేయాలో తెలుస్తుంది. దీనికి భూతద్దం కూడా అక్కర లేదు. జల్లెడ, తెల్ల కాగితం, కాస్త ఓపిక చాలు. బస్తాలో పై నుంచి, మధ్య నుంచి, అడుగు నుంచి పిడికెడు చొప్పున గింజ తీసి జల్లించి, కిందపడిన దాన్ని కాగితం మీద ఎండలో చూడాలి.

ముక్కు పురుగు: కొన్నిచోట్ల ముక్క పురుగు అంటారు. ముదురు గోధుమ రంగు, తలకు ముందు ఏనుగు తొండం లాంటి ముక్కు ఉంటుంది. రెక్కల మీద నాలుగు లేత ఎరుపు మచ్చలు ఉంటాయి. బియ్యం, జొన్న, మొక్కజొన్న దీనికి ఇష్టం. ఆడపురుగు గింజకు బెజ్జం చేసి, ఒక గుడ్డు పెట్టి, జిగురుతో ఆ బెజ్జాన్ని పూడుస్తుంది. అందువల్ల పైకి గింజ బాగానే కనపడుతుంది. లోపల పిల్ల పురుగు తింటూ పెరిగి, నాలుగైదు వారాలకు గింజను తొలుచుకుని బయటికి వస్తుంది. రెక్కల పురుగు కనపడిందంటే అంతకు నెల క్రితమే సరుకు చెడడం మొదలైందన్నమాట. మొక్కజొన్నకు చేలో ఉండగానే ఇది పట్టవచ్చు.

నుసి పురుగు: సన్నగా, గొట్టంలా, మూడు మిల్లీమీటర్ల పొడవు ఉంటుంది. పై నుంచి చూస్తే తల కనపడదు, కిందికి వంగి ఉంటుంది. బస్తాల కింద పిండి లాంటి నుసి రాలి కుప్పపడితే ఇదేనని అనుమానించాలి. వడ్లను కూడా తొలిచే శక్తి గలది కాబట్టి ధాన్యం గోదాములకు ఇదే పెద్ద శత్రువు. ఒక్క ఆడపురుగు 300కు పైగా గుడ్లు పెట్టగలదు.

ఎర్ర పిండి పురుగు: ఎర్రటి గోధుమ రంగు, బల్లపరుపుగా ఉండి చురుకుగా పరిగెత్తుతుంది. మంచి గింజను ఇది కొరకలేదు. నూకలు, తవుడు, రవ్వ, పిండి, ఇతర పురుగులు కొరికి వదిలిన గింజలు దీని ఆహారం. ఇది ఎక్కువగా ఉందంటే సరుకులో నూక, దుమ్ము ఎక్కువ అని, లేదా మరో పురుగు ముందే పట్టిందని అర్థం. దీని ఒంటి నుంచి వచ్చే ద్రవం వల్ల పిండికి ఘాటైన వాసన, లేత గులాబి రంగు వస్తాయి.

రంపపు పురుగు: సన్నగా, చప్పిడిగా ఉంటుంది. మెడ భాగానికి ఇరువైపులా రంపం పళ్ళ వంటి మొనలు ఉంటాయి. ఇది కూడా విరిగిన గింజలకే పడుతుంది.

ఖాప్రా పురుగు: దీనిలో పెద్ద పురుగు తినదు, నష్టమంతా నూగుతో నిండిన పిల్ల పురుగుదే. బస్తా కుట్లలో, పై పొర గింజలలో పొట్టులాగా విడిచిన కుబుసాలు గుట్టలుగా కనపడితే ఇదే. వేడి, పొడి వాతావరణం దీనికి అనుకూలం. అందువల్ల తేమ ఎక్కువగా ఉండే డెల్టా కంటే మెట్ట జిల్లాలలో దీని బాధ ఎక్కువ. కాని సరుకుతోపాటు, ఖాళీ గోతాలతోపాటు ఎక్కడికైనా ప్రయాణం చేస్తుంది. తిండి లేకపోయినా గోడ పగుళ్ళలో ఏళ్ల తరబడి నిద్రాణంగా ఉండగలదు. దీని పేరు వింటేనే దిగుమతి దేశాలు భయపడతాయి. ఖాప్రా ఉన్న దేశాల నుంచి ప్రయాణికులు సామానులో బియ్యం తెచ్చుకోవడాన్ని అమెరికా 2011లో నిషేధించింది. అక్కడి పిల్లల కోసం ఇంటి బియ్యం మూటకట్టే మన తల్లిదండ్రులకు విమానాశ్రయంలో అడ్డంపడింది ఈ పురుగే.

పుచ్చు పురుగు: మినుము, పెసర, కంది, శనగ, అలసందలను పట్టేది ఇదే. పొట్టిగా, గుండ్రంగా, వెనకభాగం కొద్దిగా బయటికి కనపడేలా ఉంటుంది. గింజ మీద తెల్లటి చుక్కలు అంటుకుని ఉంటే అవి దీని గుడ్లు. గింజకు గుండ్రటి కిటికీ లాంటి బెజ్జం పడిందంటే పురుగు బయటికి వచ్చేసిందన్నమాట. పెద్ద పురుగు ఏమీ తినకుండా పది రోజులు బతికి, 80 వరకు గుడ్లు పెట్టి చనిపోతుంది.

బస్తా దగ్గర చిన్న పసుపు గోధుమ రంగు రెక్కల పురుగులు ఎగురుతుంటే అది వడ్ల చిలుక. పెంకు పురుగుల జాతి కాదు. సరుకు పై పొరలలోనే ఎక్కువగా ఉంటుంది.

చేలో మొదలు, ఇంట్లో విజృంభణ

పుచ్చు పురుగు విషయంలో చాలామందికి తెలియనిది, అది ఇంట్లో పుట్టదు. కాయ ముదిరే దశలో చేలోనే కాయల మీద గుడ్లు పెడుతుంది. పైకి ఆరోగ్యంగా కనపడే గింజలోపల పిల్ల పురుగు ఉండగానే మనం దాన్ని నూర్చి, తూర్పారబట్టి, బస్తాలో పోసి మూతి కుడుతున్నాం. ఎండిన పంటను చేలో ఎక్కువ రోజులు వదిలేస్తే ఈ బాధ పెరుగుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఒక ఆడపురుగు 80 గుడ్లు పెట్టిందనుకుందాం. సగమే బతికాయనుకున్నా నెల రోజులకు 40 పురుగులు. వాటిలో 20 ఆడవి. అదే లెక్కన రెండో నెలకు 800. మూడో నెలకు 16,000. మార్చిలో ఒక్క పురుగుతో ఇంటికి వచ్చిన బస్తా జూన్ నాటికి ఎందుకు పిండిగా మారుతుందో ఇందులోనే ఉంది. మొదటి నెలలో పట్టుకుంటే చిన్న పని. మూడో నెలలో చేయగలిగింది పెద్దగా ఉండదు. అందుకే పదిహేను రోజులకొకసారి జల్లించి చూడడం అన్ని మందుల కంటే విలువైనది.

బిళ్ళల ప్రమాదం

పురుగు కనపడగానే చాలామంది పరిగెత్తేది గ్యాసు బిళ్ళల కోసం. ఇవి అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. గాలిలోని తేమ తగిలితే ఫాస్ఫీన్ అనే విషవాయువు విడుదలవుతుంది. మూడు గ్రాముల బిళ్ళ నుంచి ఒక గ్రాము వాయువు వస్తుంది. గింజ లోపలి పురుగును కూడా చంపగలదు. మనిషిని కూడా చంపగలదు. దీనికి విరుగుడు మందు లేదు.

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. 1968 నాటి కీటకనాశినుల చట్టం కింద విధించిన ఆంక్షల ప్రకారం ఈ బిళ్ళలను ప్రభుత్వ సంస్థలు, అనుమతి పొందిన చీడ నివారణ సంస్థలు మాత్రమే, నిపుణుల పర్యవేక్షణలో వాడాలి. మూడు గ్రాముల బిళ్ళలు 10, 20 చొప్పున ఉండే గొట్టం ప్యాకింగులను 2001 జూలైలో పూర్తిగా నిషేధించారు. అయినా పల్లెల్లో చిల్లరగా బిళ్ళలు చేతులు మారుతూనే ఉన్నాయి. పడకగది పక్క గదిలో బస్తాలు పేర్చి, మధ్యలో రెండు బిళ్ళలు పెట్టి తలుపు మూసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. తలుపు సందుల్లోంచి, పైకప్పు సందుల్లోంచి ఆ వాయువు నిద్రపోతున్నవారి దగ్గరికి వస్తుందని వారికి చెప్పేవారు లేరు. వెల్లుల్లి వాసన, కుళ్ళిన చేప వాసన వస్తే పారిపోవచ్చునన్న ధీమా కూడా పనికిరాదు. వాసన తెలియకుండానే ప్రమాదకరమైన స్థాయికి చేరవచ్చు. మనుషులు, పశువులు ఉండే ఇంట్లో ఈ బిళ్ళలు వాడనే వాడరాదు. ఇందులో మినహాయింపు లేదు.

బియ్యంలో బోరిక్ పొడి కలపడం మరో అలవాటు. కడిగితే పోతుందన్న నమ్మకంతో చేసే పని ఇది. అది తినదగిన పదార్థం కాదు. మానుకోవడం మంచిది. ఎండు మిరపకాయలు, వేపాకు వంటివి కొంతవరకు పురుగును దూరంగా ఉంచవచ్చునేమో గాని పట్టిన పురుగును చంపవు.

పురుగు కూడా నేర్చుకుంటున్నది

గోదాముల సంగతి వేరు. అక్కడ అనుమతితోనే, పట్టాలు కప్పి వాయువు పట్టిస్తారు. ఇక్కడ మరో సమస్య తలెత్తుతున్నది. ఫాస్ఫీన్‌ను తట్టుకునే పురుగులు ఉన్నాయని ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ 1972–73లో జరిపిన ప్రపంచ సర్వేలోనే బయటపడింది. ఆ తరువాత మన దేశంలోనూ పిండి పురుగు, నుసి పురుగు, ముక్కు పురుగులలో ఈ శక్తి పెరిగినట్లు పరిశోధకులు గుర్తించారు.

కారణం పురుగు తెలివి కాదు, మన నిర్లక్ష్యం. చిరుగులున్న పట్టా కప్పితే వాయువు కారిపోతుంది. నేలకు ఆనిన అంచుల మీద ఇసుక సంచులు సరిగా పెట్టకపోయినా అంతే. ఏడు రోజులు ఉంచవలసిన పట్టాను సరుకు పంపాలన్న తొందరలో మూడో రోజే తీస్తే గుడ్లు, గూటి దశలో ఉన్నవి బతికిపోతాయి. బలహీనమైనవి చచ్చి, తట్టుకున్నవి మిగులుతాయి. వాటి సంతానమే తరువాత గోదామును నింపుతుంది. దాంతో మోతాదు పెంచుతారు. ఇది ఆగని వలయం.

వేరే మందు లేదా అంటే, ఉన్నవి ఒక్కొక్కటే పోతున్నాయి. మిథైల్ బ్రోమైడ్ ఓజోన్ పొరకు హాని చేస్తుందని మాంట్రియల్ ఒప్పందం కింద 2015 నాటికి మామూలు వాడకం నుంచి తొలగించారు. ఎగుమతి సరుకుల క్వారంటైను వంటి పనులకే మినహాయింపు. గోదాముల్లో పిచికారి చేసే డైక్లోర్‌వాస్‌ను 2020 చివరికల్లా మన దేశంలో నిషేధించారు. ఫాస్ఫీన్ ఒక్కటే ప్రధాన ఆయుధంగా మిగిలింది. దాన్ని కూడా అజాగ్రత్తతో మొద్దుబారేలా చేసుకుంటే తరువాత చేతిలో ఏమీ ఉండదు.

రైతు చేయగలిగింది

నివారణ నిల్వకు ముందే మొదలు కావాలి. గదిలోని పాత గింజ, నుసి, దుమ్ము ఊడ్చి, పారేయకుండా కాల్చేయాలి. గోడ పగుళ్ళు, మూలలు సిమెంటుతో పూడ్చి సున్నం కొట్టాలి. ఖాళీ గదిలో గోడలకు, నేలకు లీటరు నీటికి 10 మిల్లీలీటర్ల మలాథియాన్ 50 శాతం ద్రవం, లేదా 40 గ్రాముల డెల్టామెత్రిన్ 2.5 శాతం పొడి కలిపి పిచికారి చేసి ఆరనివ్వాలి. వంద చదరపు మీటర్లకు మూడు లీటర్ల ద్రావణం సరిపోతుంది. ఈ మందులు గోడలకే, గింజలకు కాదు. ఈ తేడా మరచిపోరాదు.

పాత గోతాలలో పురుగులు, గుడ్లు దాగి ఉంటాయి. కొత్తవి వాడాలి. లేదా పాతవాటిని తిరగేసి దులిపి, మరిగే నీళ్ళలో ముంచి ఎండలో బాగా ఆరబెట్టాలి. పాత సరుకు, కొత్త సరుకు ఒకే గదిలో ఉంచరాదు. బస్తాలను నేల మీద కాక చెక్కబల్లల మీద, గోడకు ఒకటిన్నర, రెండు అడుగుల ఎడంగా పేర్చాలి. చుట్టూ మనిషి తిరిగి చూసే వీలుండాలి.

గింజ పంటికింద కటుక్కున విరగాలి. నొక్కుకుపోతే ఇంకా ఆరలేదన్నమాట. తేమ కొలిచే మీటరుతో చూపించుకుంటే ఇంకా నిశ్చింత. ఎండ నుంచి తీసిన గింజను వేడి మీద బస్తాకెత్తకుండా నీడలో చల్లారనివ్వాలి.

మినుము, పెసర విత్తనానికి కిలోకు 5 మిల్లీలీటర్ల వేపనూనె పట్టిస్తే పుచ్చు పురుగు గుడ్లు నిలవవు. తినడానికి ఉంచుకునే అపరాలను పప్పుగా విడగొట్టించి దాచుకోవడం మంచి పద్ధతి. గింజ పొట్టు మీద గుడ్లు పెట్టే పురుగుకు పప్పులో అనుకూలం తక్కువ.

గాలి చొరబడని సంచులు ఇప్పుడు అందుబాటులోకి వచ్చాయి. లోపల రెండు పలుచని ప్లాస్టిక్ సంచులు, పైన ఒక గట్టి సంచి ఉండే మూడు పొరల సంచిని 1980ల చివర ఆఫ్రికాలోని కామెరూన్‌లో అలసందల కోసం రూపొందించారు. పూర్తిగా నింపి, గాలి లేకుండా బిగించి కడితే లోపలి పురుగులే గాలిలోని ప్రాణవాయువును వాడేసి, అది అయిపోయాక చనిపోతాయి. మందు అక్కర లేదు. మన జొన్న పాతరలో పనిచేసిన సూత్రమే ఇది. మూత గట్టిగా పట్టే రేకు డబ్బా, డ్రమ్ము కూడా అంచుల దాకా నింపితే ఇదే విధంగా పనిచేస్తాయి. రెండు షరతులు. గింజ బాగా ఆరి ఉండాలి. మాటిమాటికి తెరవరాదు. ఎలుక కొరికితే మాత్రం ప్రయోజనం లేదు.

ప్రభుత్వం చేయవలసింది

ఇదంతా రైతు మీదికే నెట్టి చేతులు దులుపుకోవడం న్యాయం కాదు. ఒకప్పుడు కేంద్ర ఆహార శాఖ ధాన్య సంరక్షణ ప్రచార పథకం నడిపి, గ్రామాలలో ప్రదర్శనలు, శిక్షణలు జరిపేది. ఆ పథకం ఇప్పుడు లేదు. ఉత్తరప్రదేశ్‌లోని హాపూర్‌లో ధాన్య నిల్వ సంస్థ 1958లోనే ఏర్పడింది. మన జిల్లాలోనే ఘంటసాలలో వ్యవసాయ పరిశోధన స్థానం అపరాలపై పనిచేస్తున్నది. విజ్ఞానం లేక కాదు, అది బస్తా దగ్గరికి చేరకపోవడమే లోపం.

2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై ఇప్పుడు రైతు సేవా కేంద్రాలుగా పిలవబడుతున్న వ్యవస్థ ప్రతి ఊరికీ దగ్గరలో ఉంది. ఎరువు, విత్తనం, చేలో తెగులు గురించి అక్కడ మాట్లాడతారు. కోత అయిపోయిన తరువాత రైతు ఒంటరివాడు అవుతున్నాడు. నిల్వ కూడా వ్యవసాయంలో భాగమే అని గుర్తించి ఈ కేంద్రాలకు ఆ బాధ్యత అప్పగించాలి. తేమ మీటరు, నిల్వలో పురుగును పట్టే గొట్టపు ఎర వంటివి రైతుకు చూపించి, వాడి చూపాలి. సరుకులో గుచ్చి ఉంచితే రంధ్రాల గుండా పురుగులు జారి పడే ఈ సాధనాన్ని తమిళనాడు వ్యవసాయ విశ్వవిద్యాలయం రూపొందించింది. ఇది ఖరీదైనది కాదు.

కొత్తగా కట్టే ప్రతి సహకార గోదాముకు నిల్వ పద్ధతులలో శిక్షణ పొందిన మనిషి ఒకడు ఉండాలి. పదిహేను రోజులకొకసారి నమూనా తీసి, ఏ పురుగు, ఎన్ని అన్నది రిజిస్టరులో రాయాలి. సరుకు దాచిన రైతుకు ఆ రిజిస్టరు చూసే హక్కు ఉండాలి. గోదాము రసీదు మీద అప్పు ఇచ్చే పద్ధతి రైతుకు నిజంగా ఉపయోగపడాలంటే, రసీదులో రాసిన సరుకు రసీదు తిరిగి ఇచ్చేనాటికి అదే నాణ్యతతో ఉంటుందన్న నమ్మకం కలగాలి. ఆ నమ్మకం లేకపోతే గోదాము ఖాళీగానే ఉంటుంది.

వాయువు పట్టించడానికి అనుమతి, శిక్షణ ఉన్న బృందం కనీసం రెండు మూడు మండలాలకు ఒకటి ఉండాలి. రైతులు అద్దె చెల్లించి ఆ సేవ పొందే వీలు కలిగితే దొంగచాటు బిళ్ళల అవసరమే ఉండదు. అటువంటి ఏర్పాటు లేకుండా చిల్లర బిళ్ళలపై దాడులు మాత్రమే జరిపితే వ్యాపారం మరో సందులోకి మారుతుంది తప్ప ఆగదు. విత్తనానికి గాలి చొరబడని సంచులను రాయితీపై ఇవ్వడం ఎరువుల మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే చిన్నది.

ఫిబ్రవరి గడువు

మినుము పంట ఇంటికి వచ్చేది ఫిబ్రవరి, మార్చిలలో. పైన చెప్పిన పనులలో గది శుభ్రం చేయడం, గోతాలు చూసుకోవడం, ఆరబెట్టడం రైతు చేతిలో ఉన్నవి. వాటికి ఎవరి ఉత్తర్వూ అక్కర లేదు. మిగిలినవి కార్యాలయాలలో తేలవలసినవి. మీటరు, సంచి, శిక్షణ పొందిన మనిషి – ఈ మూడూ పంట రాకముందే గ్రామానికి చేరాలి. పంట వచ్చిన రెండు నెలలకు చేరితే అప్పటికి మినుములు ఎటూ అమ్ముడైపోయి ఉంటాయి. అమ్ముడుకానివి పుచ్చిపోయి ఉంటాయి.

గిట్టుబాటు ధర కావాలని రైతు సంఘాలు ఏటా అడుగుతున్నాయి. ఆ ధర వచ్చేవరకు గింజను ఆపుకునే శక్తి రైతుకు లేకపోతే ప్రకటించిన ధర వల్ల లాభం మరొకరికి పోతుంది. గింజను ఆపగలిగే శక్తి సగం అప్పులోనూ, సగం పురుగులోనూ ఉంది. మొదటి సగం గురించి అందరూ మాట్లాడుతున్నారు. రెండో సగం గురించి కూడా ఈ ఏడు మాట్లాడడం మొదలుపెడితే జిల్లా రైతుకు మేలు జరుగుతుంది.